కొరియా శరీరతత్త్వ వైద్యంలో సూదులు ముందా, కషాయం ముందా?

దక్షిణ కొరియాలో చదువు కోసమో ఉద్యోగం కోసమో ఉంటున్న తెలుగువారికి నడుము నొప్పో, తెగని అజీర్ణమో పట్టుకున్నప్పుడు తోటి కొరియన్లు తరచుగా ఇచ్చే సలహా 'హానుయివన్‌కు వెళ్లి చూపించుకోండి' అన్నదే. హానుయివన్ అంటే కొరియా సంప్రదాయ వైద్యశాల. అక్కడ కూర్చునే హానుయిసా నాటువైద్యుడు కాదు. 6 ఏళ్ల విశ్వవిద్యాలయ చదువు ముగించి, జాతీయ పరీక్షలో నెగ్గి, ప్రభుత్వ లైసెన్సు పొందిన వైద్యుడు. 1951 నాటి చట్టంతోనే ఆ దేశంలో ఆధునిక వైద్యుడికీ సంప్రదాయ వైద్యుడికీ వేర్వేరు లైసెన్సులు ఏర్పడ్డాయి. అందువల్ల 'ఇతణ్ని నమ్మవచ్చా' అన్న ప్రశ్న కంటే, లోపలికి వెళ్లాక ఎదురయ్యే రెండో ప్రశ్నే మనవాళ్లను ఎక్కువ తికమక పెడుతుంది. ఒకచోట మన శరీరతత్త్వం నిర్ణయించి కషాయం ఇస్తామంటారు, మరొకచోట నాడి చూసి ఆక్యుపంక్చర్ సూదులు వేసి పథ్యం రాసిస్తామంటారు, ఇంకొకచోట తత్త్వం ఊసే లేకుండా నొప్పి ఉన్నచోట సూదులు గుచ్చుతారు. ఈ మూడింటిలో దేనితో మొదలుపెట్టాలి?

నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. ఏ పద్ధతి గొప్పదన్న వాదనతో ఎంపిక తేలదు. వైద్యుడు మన తత్త్వాన్ని పొరపాటుగా నిర్ణయిస్తే ఆ పొరపాటుకు మనం ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుంది, దాన్ని ఎంత త్వరగా గుర్తించగలం అన్న లెక్కతోనే ఎంచుకోవాలి. ఆ లెక్క వేయాలంటే ముందు ఒక్కొక్క పద్ధతి లోపల ఏముందో తెలియాలి.

మొదటిది ససాంగ్ వైద్యం. దీన్ని ప్రతిపాదించిన లీ జేమా 1837లో, ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉన్న హామ్‌హుంగ్‌లో పుట్టాడు. 1894లో ఆయన పూర్తిచేసిన 'దోంగ్వి సుసే బోవొన్' గ్రంథం ఈ పద్ధతికి మూలం. 1900లో కన్నుమూసేదాకా ఆయన దాన్ని సవరిస్తూనే ఉన్నాడు. మనుషులు నాలుగు రకాలనీ, పుట్టుకతోనే అవయవాల బలాబలాలు స్థిరపడిపోతాయనీ ఆయన సిద్ధాంతం. ఊపిరితిత్తులు బలంగా, కాలేయం బలహీనంగా ఉన్నవాడు తేయాంగిన్. దానికి తిరగబడినవాడు తేఉమిన్. జీర్ణానికి మూలమని వారు భావించే ప్లీహం బలంగా, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాడు సోయాంగిన్. దానికి తిరగబడినవాడు సోఉమిన్. పదివేల మంది ఉన్న ఒక జిల్లాలో తేఉమిన్‌లు 5000, సోయాంగిన్‌లు 3000, సోఉమిన్‌లు 2000 ఉంటారనీ, తేయాంగిన్‌లు మాత్రం మూడు నలుగురి నుంచి పదిమంది దాకా ఉంటే గొప్పనీ తాను కంటితో చూసినదాన్ని బట్టి ఆయన అంచనా వేశాడు.

తత్త్వ నిర్ణయానికి ససాంగ్ వైద్యుడు ఒంటి కట్టును, ముఖాన్ని, గొంతును, స్వభావాన్ని పరిశీలిస్తాడు. ఆకలి, విరేచనం, చెమట, చలి, వేడి గురించి విడవకుండా అడుగుతాడు. చెమట పట్టాక ఒళ్లు తేలికపడితే తేఉమిన్ వైపూ, అదే చెమటతో నీరసించిపోతే సోఉమిన్ వైపూ ఆలోచన సాగుతుంది. చికిత్సలో ప్రధాన స్థానం మూలికలది. సోఉమిన్‌కు జిన్సెంగ్, అల్లం, దాల్చిన చెక్క వంటి వేడి ద్రవ్యాలు, సోయాంగిన్‌కు రెహ్మానియా దుంప, జిప్సం వంటి చలువ ద్రవ్యాలు, తేఉమిన్‌కు కుడ్జు వేరు, ఎఫెడ్రా, జింక లేత కొమ్ము వంటివి కేటాయించారు. ఒకరికి మేలు చేసే మందు మరొకరికి కీడు చేస్తుందన్నదే ఇందులో అసలు సూత్రం. కొరియాలో జిన్సెంగ్ ఎవరికైనా మంచిదే అనుకుని బహుమతిగా ఇచ్చిపుచ్చుకుంటారు గానీ ససాంగ్ లెక్కలో అది సోయాంగిన్ ఒంటికి సరిపడదు.

ఇక్కడ మన పాఠకులకు ఒక జాగ్రత్త చెప్పాలి. వాత, పిత్త, కఫ ప్రకృతుల మాట చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం కాబట్టి 'మీది వేడి శరీరం' అనగానే ఇదీ అదే కదా అనిపిస్తుంది. పోలిక పైపైనే. ఆయుర్వేదంలో రెండు దోషాలు కలిసిన ప్రకృతి సర్వసాధారణం, పైగా దోషాల ప్రకోపం ఋతువును, వయసును బట్టి మారుతుంది. ససాంగ్‌లో మిశ్రమానికి చోటు లేదు; ఒక మనిషికి ఒకే తత్త్వం, అదీ చనిపోయేదాకా. కాబట్టి 'నాది పిత్త ప్రకృతి, అంటే నేను సోయాంగిన్‌ను' అని మనకు మనమే అనువదించుకుని వైద్యుడికి చెప్పడం తగదు. అది ఆయన పరిశీలనను పక్కదారి పట్టిస్తుంది.

రెండవది ఎనిమిది తత్త్వాల వైద్యం. కొరియన్లు దీన్ని పల్‌చెజిల్ అంటారు. క్వొన్ దోవొన్ అనే వైద్యుడు 1965లో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ ఆక్యుపంక్చర్ సదస్సులో దీన్ని బయటపెట్టాడు. కాష్ఠం, మట్టి, లోహం, నీరు అన్న నాలుగు మూలకాలకు యాంగ్, ఉమ్ (చైనావారి యిన్) అనే రెండేసి శాఖలు చొప్పున ఎనిమిది తత్త్వాలు. వాటిని అదే వరుసలో మోక్‌యాంగ్, తోయాంగ్, గుమ్‌యాంగ్, సుయాంగ్ వంటి పేర్లతో పిలుస్తారు. ఇక్కడ నిర్ణయమంతా నాడి మీదే ఆధారపడుతుంది. వైద్యుడు రెండు మణికట్ల దగ్గర మూడేసి వేళ్లను గట్టిగా అదిమి, లోతున ఏ వేలి కింద, ఎటువైపు నాడి నిలిచి కొట్టుకుంటోందో చూస్తాడు. ఒక్కసారి చూసి తేల్చేవాళ్లకంటే, సూదులకు శరీరం ఎలా స్పందించిందో గమనిస్తూ నాలుగైదు సార్లు చూశాక ఖాయం చేసేవాళ్లు జాగ్రత్తపరులు.

చికిత్స కూడా చూడటానికి వింతగా ఉంటుంది. సూదులు గుచ్చి అరగంట ఉంచరు. మోచేతుల కింద, మోకాళ్ల కింద ఉండే బిందువుల మీద, స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో సూదిని ఒక వరుసలో చకచకా తాకించి తీసేస్తారు. కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. నడుము నొప్పి అని వెళ్లినా నడుమును ముట్టుకోకపోవచ్చు. మూలికలకు ఈ పద్ధతిలో స్థానం తక్కువ. సూదుల పక్కన నిలిచే రెండో స్తంభం పథ్యం. ఈ పథ్యం మన ఇళ్లలో జ్వరం తగ్గేదాకా పాటించే పథ్యం లాంటిది కాదు, జన్మంతా పాటించవలసినది. లోహ తత్త్వం వాళ్లు మాంసం మాని ఆకుకూరలు, సముద్రపు చేపలు తినాలంటారు; కాష్ఠ తత్త్వం వాళ్లకు దానికి సరిగ్గా వ్యతిరేకంగా మాంసం, దుంపలు మంచివనీ ఆకుకూరలు తగ్గించాలనీ చెబుతారు. మట్టి తత్త్వంలోని తోయాంగ్ వాళ్లు కోడిమాంసం, నువ్వుల నూనె, మామిడి కూడా మానాలి.

నాలుగును రెండేసి చీలిస్తే ఎనిమిది వచ్చాయి కదా అని చాలామంది చెప్పుకుంటారు. లోహం అంటే తేయాంగిన్, కాష్ఠం అంటే తేఉమిన్ అని పట్టికలు కూడా వేస్తారు. ఆ పట్టికను నమ్మి ఒక వైద్యశాల నిర్ణయాన్ని ఇంకొక వైద్యశాలకు మోసుకుపోకండి. లీ జేమా లెక్కలో పదివేలకు పదిమంది కూడా అరుదైన తేయాంగిన్‌కు జోడుగా చెప్పే లోహ తత్త్వాన్ని ఎనిమిది తత్త్వాల వైద్యులు తమ దగ్గరికి వచ్చేవారిలో తరచుగా చూస్తారు. అంటే రెండు పద్ధతులూ ఒకే మనుషులను వేర్వేరు గీతలతో విభజిస్తున్నాయన్నమాట.

ఇక మూడవ మార్గాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. తత్త్వంతో నిమిత్తం లేకుండా నొప్పిని బట్టి, లక్షణాలను బట్టి సూదులు, మోక్సా సెగ (ఎండిన ఆకు పొడిని కాల్చి ఇచ్చే కాపడం), కప్పింగ్ (చర్మాన్ని గిన్నెలతో పీల్చి పట్టడం) చేసే మామూలు కొరియా చికిత్స అది. 17వ శతాబ్దపు బౌద్ధ భిక్షువుదని చెప్పే సాఆమ్ పద్ధతి కూడా చాలామంది ఇందులోనే వాడతారు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. కాష్ఠం, అగ్ని, మట్టి, లోహం, నీరు అన్న ఐదు మూలకాల పరస్పర సంబంధాన్ని బట్టి నాలుగు బిందువులు ఎంచుకోవడం దాని విధానం. ఎనిమిది తత్త్వాల సూదులు వాడే బిందువులు కూడా అదే కుటుంబానివి. వీటికి తోడుగా 56 సంప్రదాయ యోగాలను (మందుల కూర్పులను) సత్తుగా చేసిన పొడులు బీమా కింద దొరుకుతాయి. జలుబుకు గల్‌గున్‌తంగ్, ముక్కు కారడానికి సోచియాంగ్‌న్యోంగ్‌తంగ్, పొట్ట ఉబ్బరానికి ప్యోంగ్‌విసాన్ వంటివి చాలా తక్కువ ఖర్చుతో రెండు మూడు రోజులకు ఇస్తారు.

ఈ మూడింటి తేడా నాకు పుస్తకాల వల్ల కాక పొట్ట వల్ల తెలిసింది. దేజాన్‌లో ఉన్న రోజుల్లో భోజనం చేయగానే పొట్ట ఉబ్బి, రాత్రిళ్లు నిద్ర పట్టని స్థితి నెలల తరబడి సాగింది. ఎండోస్కోపీలో ఏమీ కనబడలేదు. ఒక వైద్యశాలలో నన్ను సోఉమిన్ అని తేల్చి, జిన్సెంగ్, అల్లం, దాల్చిన చెక్క ఉన్న కషాయం నెలకు సరిపడా కట్టించారు. సగం తాగేసరికి గుండెల్లో మంట పెరిగింది. మరొకచోట నాడి చూసిన వైద్యుడు నాది తోయాంగ్ అన్నాడు. మొదటివారు తినమన్నవే రెండోవారు మానమన్నారు. ఇద్దరూ లైసెన్సున్నవాళ్లే, ఇద్దరూ శ్రద్ధగా చూసినవాళ్లే. వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కషాయం విషయంలో పొరపాటు తేలడానికి నాకు రెండు వారాలు, పెద్ద మొత్తం డబ్బు పట్టాయి. సూదుల విషయంలో అలాంటి పొరపాటు ఉన్నా రెండో దఫాకే, పెద్ద నష్టం లేకుండా, తెలిసిపోయేది. మిగిలిన కషాయం సంచులను పారబోసిన రోజున ఈ లెక్క నాకు స్పష్టమైంది.

పొరపాటు మూల్యాన్ని బట్టి చూస్తే వరుస ఇలా ఉంటుంది. అన్నిటికంటే చవక మామూలు సూదులు, ఆ తర్వాత తత్త్వ సూదులు, ఆపైన బీమా పొడులు, వాటికంటే ఖరీదు విడిగా కాచిన కషాయం. అన్నిటికంటే ఖరీదైనది తత్త్వం పేరుతో జన్మంతా మోయవలసిన పథ్యం. ఎందుకంటే పథ్యం తప్పని ఎప్పుడు తెలుస్తుందో చెప్పే గడువే దానికి లేదు.

డబ్బు లెక్క కూడా ఈ వరుసనే అనుసరిస్తుంది. సంప్రదాయ వైద్యం 1987 నుంచి కొరియా జాతీయ ఆరోగ్య బీమాలో ఉంది. 6 నెలలకు మించి నివసించే విదేశీయులు 2019 జులై నుంచి, విద్యార్థులు 2021 మార్చి నుంచి ఆ బీమాలో తప్పనిసరిగా చేరుతున్నారు కాబట్టి, సూదులకు చిన్న వైద్యశాలలో మనం కట్టేది సుమారు 30 శాతమే. కషాయానికి చాలావరకు బీమా లేదు. ఒక్కో దఫా పది పదిహేను రోజులకు కొన్ని లక్షల కొరియా వాన్లు అవడం మామూలే. ఒక మినహాయింపు ఉంది. 2020 నవంబరులో ప్రయోగాత్మకంగా మొదలై 2024 ఏప్రిల్‌లో విస్తరించిన పథకం కింద ముఖ పక్షవాతం, ఋతుస్రావ నొప్పి, మెదడు రక్తనాళాల జబ్బుల తర్వాతి ఇబ్బందులు, అలెర్జీ జలుబు, కారణం కనబడని అజీర్ణం, నడుము డిస్క్ జారడం అన్న ఆరింటికి కషాయంలోనూ కొంత బీమా వర్తిస్తుంది. మీ బాధ ఈ ఆరింటిలో ఒకటైతే ఆ పథకంలో చేరిన వైద్యశాలనే వెతకండి.

బాధను బట్టి నేను ఇచ్చే సలహా ఇది. మెడ, నడుము, మోకాలి నొప్పులకు మామూలు సూదులతోనే మొదలుపెట్టండి. దీర్ఘకాలిక నొప్పులకు సూదుల వల్ల ఒక మోస్తరు ఉపశమనం కలుగుతుందని పెద్ద పరిశోధనలు చూపాయి. అయితే నకిలీ సూదులతో పోల్చినప్పుడు తేడా చిన్నదేనని కూడా అవే చూపాయి. తత్త్వాన్ని బట్టి ఎంచిన చికిత్స, తత్త్వం చూడని చికిత్స కంటే మెరుగన్నదానికి అంత బలమైన ఆధారం లేదు. కాబట్టి నొప్పికి తత్త్వ నిర్ణయం కోసం నెలలు ఖర్చు చేయనవసరం లేదు. ముఖం ఒక పక్కకు వాలిపోతే మాత్రం మొదటి గంటల్లో వెళ్లవలసింది అత్యవసర విభాగానికి; అది మెదడు దెబ్బతినడం వల్ల వచ్చిన పక్షవాతం (స్ట్రోక్) కాదని తేలి, స్టెరాయిడ్ మందు మొదలయ్యాకే సూదుల మాట.

పరీక్షల్లో ఏదీ బయటపడని అజీర్ణం, నిద్రలేమి, ఎప్పుడూ చల్లబడే చేతులు కాళ్లు, బాలింతల నీరసం వంటి వాటి దగ్గరే తత్త్వ వైద్యానికి నిజమైన చోటు ఉందని నా నమ్మకం. ఆధునిక వైద్యుడు 5 నిమిషాల్లో ముగించే సంభాషణను ససాంగ్ వైద్యుడు 40 నిమిషాలు సాగిస్తాడు, తినడం, పడుకోవడం, చెమట పట్టడం గురించి ఎవరూ అడగని ప్రశ్నలు అడుగుతాడు. ఆ సమాచారం నుంచి మంచి సలహా పుట్టే అవకాశం ఉంది. ఇలాంటి బాధలకు ముందు వారానికి రెండు మూడు సార్లు వెళ్లగలిగితే ఎనిమిది తత్త్వాల సూదులు ఒక నెల చూడండి. అంత తీరిక లేకపోతే ససాంగ్ వైద్యుడి దగ్గర నెలకు కాక, వారానికి మాత్రమే సరిపడే కషాయం అడగండి. వారం మందు కట్టివ్వడానికి ఒప్పుకోని చోట నేనైతే తీసుకోను.

బరువు తగ్గడానికి కషాయం కావాలనుకునేవారు ఆగి ఆలోచించాలి. ఆ అవసరానికి పేరుపొందిన తేఉమ్‌జోవీతంగ్‌లో ఎఫెడ్రా ఉంటుంది. అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. బీపీ, థైరాయిడ్, గుండె సమస్య ఉన్నవారికి, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు వేసుకునేవారికి అది తగదు. తత్త్వం తేఉమిన్ అయినంత మాత్రాన ఈ హెచ్చరిక చెరిగిపోదు. అలాగే చాలా యోగాల్లో ఉండే అతిమధురం మోతాదు మించితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికి జిన్సెంగ్, డాంగ్‌గ్వీ అనే వేరు వంటివి ఇబ్బంది తేవచ్చు. మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరునూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. కషాయంలో ఏమున్నాయో కూడా కాగితం మీదే అడిగి తీసుకోండి. కొందరు వైద్యులు యోగాన్ని వృత్తి రహస్యంగా భావించి ఇవ్వడానికి వెనకాడతారు. ఆ కాగితం లేకుండా తాగడం ఎవరికీ మంచిది కాదు, మధుమేహం, కాలేయ సమస్య ఉన్నవారికి మరీ.

సూదులకు కూడా ప్రమాదం లేకపోలేదు. ఛాతీ, భుజాల మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడవచ్చు; మోచేతి కిందా మోకాలి కిందా మాత్రమే తాకే తత్త్వ సూదులకు ఈ భయం లేకపోవడం వాటి పక్షాన చెప్పవలసిన మాట. తేనెటీగ విషాన్ని ఎక్కించే సూది మాత్రం వేరే సంగతి. అలెర్జీ పరీక్ష చేయకుండా దాన్ని ఎవరికీ చేయించుకోవద్దంటాను. 2018లో కొరియాలో ఆ సూది తర్వాత వచ్చిన తీవ్ర అలెర్జీతో ఒక రోగి ప్రాణమే పోయింది.

మనలో శాకాహారులు అడిగి తీరవలసిన విషయం ఇంకొకటి ఉంది. జింక కొమ్ము, గాడిద తోలు జిగురు వంటి జంతు ద్రవ్యాలు కషాయంలో ఉన్నా రుచిలో తెలియవు. ముందే చెబితే వాటిని తీసేసి కట్టే వైద్యులు ఉన్నారు. పథ్యం దగ్గర చిక్కు ఎక్కువ. మోక్‌యాంగ్ అని తేలిన శాకాహారికి గొడ్డుమాంసం తినమన్న కాగితం చేతికి వస్తుంది. అలాంటప్పుడు ఆ కాగితాన్ని సూదుల నుంచి విడదీయమని అడగండి. సూదులు మాత్రమే కొనసాగించడంలో తప్పు లేదు. పిల్లల విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. ఎదిగే పిల్లలకు పాలు, గుడ్లు, పప్పులు తత్త్వం పేరుతో మాన్పించవద్దు.

వైద్యుణ్ని ఎంచుకునేటప్పుడు ఒక అధికారిక తేడా పనికొస్తుంది. సంప్రదాయ వైద్యంలో ప్రభుత్వం గుర్తించిన 8 ప్రత్యేక విభాగాల్లో ససాంగ్ తత్త్వ వైద్యం ఒకటి. డిగ్రీ తర్వాత 4 ఏళ్ల ఆసుపత్రి శిక్షణ ముగించినవారే ఆ విభాగపు నిపుణులమని బోర్డు పెట్టుకోగలరు. ఎనిమిది తత్త్వాల వైద్యానికి అలాంటి ప్రత్యేక విభాగం లేదు. లైసెన్సున్న హానుయిసాలే దాన్ని విడిగా నేర్చుకుని చేస్తారు, కాబట్టి అక్కడ వైద్యుడి అనుభవం ఎంతన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. నేను ఎవరినైనా అడిగే ప్రశ్న ఒకటే: 'మీరు నిర్ణయించిన తత్త్వం సరికాదని మీకు ఏ లక్షణం వల్ల, ఎన్ని రోజుల్లో తెలుస్తుంది?' సూటిగా జవాబిచ్చి, తేదీ చెప్పగలిగిన వైద్యుడి దగ్గర కషాయం కూడా నిశ్చింతగా తాగవచ్చు. వేళ్లతో ఉంగరం చుట్టించి చేతిలో కూరగాయ పెట్టి బలం లాగి చూసే పరీక్షతోనే తత్త్వం తేల్చేస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

సియోల్‌లోని జెగిదోంగ్ మూలికల బజారు, 1658 నాటి దేగూ బజారు చూడదగ్గ చోట్లే. కానీ ఎక్కడో చదువుకున్న తత్త్వాన్ని బట్టి అక్కడ మూలికలు కొని ఇంట్లో కాచుకోవద్దు. సోఉమిన్ యోగాల్లో కనిపించే బుజా మన వత్సనాభి జాతిదే. శుద్ధి, మరగబెట్టే వేళ సరిగ్గా లేకపోతే అది విషం. హానుయివన్‌లకు చేరే మూలికలు 2015 నుంచి తప్పనిసరైన తయారీ ప్రమాణాల కింద వస్తాయి. బజారులో ఆహారంగా అమ్మేవాటికి ఆ ప్రమాణం వర్తించదు.

కొరియా నుంచి తిరిగి వచ్చినవారు హైదరాబాదులోనో విజయవాడలోనో ఇదే చికిత్స కొనసాగించాలనుకుంటే, ఇక్కడి పరిస్థితి వేరు. ఆయుష్ గుర్తించిన పద్ధతుల్లో కొరియా వైద్యం లేదు. ఆక్యుపంక్చర్‌ను కేంద్ర ప్రభుత్వం 2019లో చికిత్సా పద్ధతిగా గుర్తించింది గానీ, తత్త్వ సూదులు నేర్చినవారు ఇక్కడ అరుదు. కాబట్టి మధ్యలో ఆపవలసివచ్చే సుదీర్ఘ కషాయాన్ని తిరుగు ప్రయాణానికి ముందు మొదలుపెట్టవద్దు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారికి అవకాశం ఎక్కువ; అక్కడ కొరియన్ భాషలోనే ఆక్యుపంక్చర్ బోధించే విద్యాసంస్థలు ఉన్నాయి, కాలిఫోర్నియా రాష్ట్ర లైసెన్సున్న కొరియన్ వైద్యులూ చాలామంది ఉన్నారు. అయితే ఆ లైసెన్సు ససాంగ్ నైపుణ్యానికి హామీ కాదు, ఎఫెడ్రా ఆల్కలాయిడ్లున్న ఆహార పూరకాలను అమెరికా 2004లోనే నిషేధించింది. కొరియాలో తాగిన యోగమే కావాలని అక్కడ పట్టుబట్టకుండా, పాత కషాయం కాగితాన్ని చూపించి, అందులో ఏది మార్చవలసి ఉందో ముందుగా అడగండి.